కర్మ లేని వాక్యం

చెవుల మేస్త్రి అంటే ఆ పేటలో తెలియనివాళ్లు లేరు. తాళంచెవులు చేస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. తాళం తీసేటప్పుడు దానికి చెవి ఆనించి వింటాడు కాబట్టి వచ్చిందని ఇంకొందరంటారు. ఆయన్నడిగితే రెండూ కాదంటాడు. చిన్నప్పుడు ఆయన చెవులు నిజంగానే పెద్దవట. తర్వాత తల పెరిగి వాటిని అందుకుంది గాని, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆయనకు పని నేర్పిన గురువంటూ ఎవరూ లేరు. పాత ఇనుము కొనే కొట్లో కూలికి ఉన్న రోజుల్లో తుక్కులో వచ్చిన తాళాలను పక్కకు తీసిపెట్టుకుని, ఒక్కొక్కటీ విప్పి, లోపల ఏది ఎందుకుందో చూసి నేర్చుకున్నాడు. కొన్ని వందల తాళాలు విప్పాక గాని ఒకటి తిరిగి బిగించడం చేతకాలేదు. పనిముట్లు కూడా సొంతంగా చేసుకున్నవే. విరిగిన రంపపు బ్లేళ్లు, గొడుగు ఊచలు, గడియారం స్ప్రింగులు సాగగొట్టి, ఆకురాయి పెట్టి అరగదీసి, పాతిక ముప్పై కొక్కేలు తయారు చేసుకున్నాడు. అవి ఆయన చేతికి తప్ప ఇంకో చేతికి పనికిరావు.

ఆయనకు నమ్మకం తక్కువ. ఎవరింటికి వెళ్లినా ముందు గడియ చూస్తాడు, తర్వాతే మనుషుల్ని చూస్తాడు. ఇంటి బయట చిక్కుకుపోయానని ఎవరైనా వచ్చి పిలిస్తే చటుక్కున సంచి ఎత్తుకుని వెళ్లడు. ఒకసారి ఒక పెద్దమనిషి చేతిలో కూరగాయల సంచితో, చెమటలు కక్కుతూ వచ్చి, తలుపు తీయమని బతిమాలాడు. "మీ వంటగది గోడ ఏం రంగు?" అని అడిగాడు మేస్త్రి. ఆయన పచ్చరంగన్నాడు. మేస్త్రి తలుపు తీసి, ఇంటాయనకంటే ముందు తనే లోపలికెళ్లి గోడ చూశాడు. అది నీలం. పెద్దమనిషిని వీధిలో నిలబెట్టి పక్కింటివాళ్లను పిలుచుకొచ్చాడు. తీరా చూస్తే ఇల్లు ఆయనదే. పెళ్లయిన పన్నెండేళ్లలో వంటగదిలోకి తొంగి చూసిన పాపాన పోలేదంతే.

అలాంటి మనిషి మీద దొంగతనం కేసు పడింది.

వ్యాకరణం చెప్పి రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఆ పేట చివర మేడ ఇంట్లో కింది వాటాలో ఉంటుంది. తాళంచెవి ఒకటి ఎక్కడో పోగొట్టుకుని, పాత చెవికి తాళం తెరుచుకోకుండా లోపల మార్చమని మేస్త్రిని పిలిపించింది. ఆయన మార్చి, రెండు కొత్త చెవులు చేతికిచ్చాడు. ఎనిమిది నెలలు గడిచాయి. ఒక రోజు పొద్దున్నే ఆవిడ కంటి ఆసుపత్రికి వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. తలుపు వేసినట్టే ఉంది. లోపల బీరువాలో చనిపోయిన భర్త చేతి గడియారం, ఒక కెమెరా లేవు. గడియ విరగలేదు, కిటికీ పగలలేదు. రెండు చెవులూ ఆవిడ చేతిసంచిలోనే ఉన్నాయి. మూడో చెవి చేసుకునే వీలు ఎవరికుంది? తాళం మార్చినవాడికే ఉంది.

పోలీసు స్టేషన్‌లో వాంగ్మూలాలు రాసే రైటర్ బల్ల ముందు కూర్చోబెట్టి అడిగాడు. "ఆ టీచరమ్మ ఇంటి తాళం పని ఎవరిది?"

తన పని గురించి ఎవరడిగినా మేస్త్రి నిటారుగా కూర్చుంటాడు. అప్పుడూ అలాగే కూర్చుని, "నేనే ఒప్పుకున్నాను, నేనే చేశాను," అన్నాడు.

రైటర్ అదే రాశాడు. చదివి వినిపించాడు. ఎవరి కాగితాన్నీ ఊరికే నమ్మని మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకుని తను కూడా రెండుసార్లు చదివాడు. తనన్న మాటకు ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. సంతకం పెట్టాడు. తర్వాత రెండో రోజున గాని ఆ కాగితం ఎటు తిరిగిందో ఆయనకు తెలియలేదు. అప్పటికే పనిముట్ల సంచి కోర్టు స్టోరు గదిలోకి వెళ్లిపోయింది. ఆయన జామీను మీద ఇంటికొచ్చాడు.

కేసు ఆరు నెలలుగా వాయిదాల మీద ఉంది. దొంగతనం కేసున్న తాళాల మేస్త్రిని ఎవరు పిలుస్తారు? పిలిచినా చేతిలో సంచి లేదు. భార్య బొత్తాల కాజాలు కుడితే ఇల్లు నడుస్తోంది.

ప్రతి వాయిదాకీ ఆయన కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని, గోడకు అతికించిన ఆనాటి కేసుల జాబితా చదివేవాడు. హాలుకు ఆనుకుని ఒక చిన్న గది ఉంది. జాబితాలోని వాళ్లు హాల్లోకి కాక ఆ గదిలోకే వెళ్లి వచ్చేవాళ్లు. మూడో వాయిదా నాడు ఊసుపోక లెక్కగట్టాడు. ఒక్కో కేసుకు పదకొండు నిమిషాలు. మంచి తాళానికి చెవి కోయాలంటే అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. ఇందులో ఏదో మతలబుంది అనుకున్నాడు.

ప్రభుత్వమే ఆయనకొక లాయరమ్మను పెట్టింది. నడి వయసు మనిషి. ఎప్పుడూ చంకలో ఏడెనిమిది ఫైళ్లతో నడుస్తూనే మాట్లాడుతుంది.

"విచారణంటే సినిమాల్లో చూసినట్టు ఉంటుందనుకుంటున్నారేమో, మేస్త్రిగారూ. పోయిన నెల ఈ హాల్లో నూట ఆరు కేసులు తెమిలాయి. సాక్షుల్ని బోనెక్కించి అడిగినవి నాలుగు."

"మిగతావి?"

"ఆ గదిలో."

"వాళ్లంతా చేసినవాళ్లేనా?"

లాయరమ్మ నడక ఆపింది. "అది అక్కడ ఎవరూ అడగరు. అడిగే పని లేకుండా చేసేదాన్నే రాజీ అంటారు."

ఆమె తెచ్చిన రాజీ ఇది. మేస్త్రి చిన్న నేరమొకటి ఒప్పుకుని సంతకం పెడితే జైలు ఉండదు. ఏడాది పాటు మంచిగా ఉంటానని హామీ ఇస్తే చాలు. పనిముట్ల సంచి ఆ రోజే చేతికొస్తుంది. కాదని విచారణకు వెళితే ఇంకో రెండేళ్లో మూడేళ్లో ఇలాగే తిరగాలి. అప్పటిదాకా సంచి రాదు. ఓడిపోతే జైలు.

"స్టేషన్ కాగితం మీద మీ సంతకం ఉంది కదా. జడ్జిగారు ముందు చూసేది దాన్నే," అంది లాయరమ్మ.

"పని ఒప్పుకున్నానని చెప్పానమ్మా నేను."

"మీరు చెప్పింది అదే కావచ్చు. కాగితం మీద అలా లేదు."

ఈవిడ ఎవరి తరఫు మనిషని మేస్త్రికి అనుమానం వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ రెండుసార్లు గడియారం చూసుకుంది. ప్రభుత్వ ప్లీడరుతో కలిసి టీ తాగడం ఆయన కళ్లారా చూశాడు. ఇద్దరూ నవ్వుకుంటున్నారు కూడా.

ఆ ఆదివారం బావమరిది వచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు. ఎప్పుడో కండక్టరుతో గొడవపడి ఇదే కోర్టులో రాజీపడ్డవాడు.

"సంతకం పెట్టేసి బయటపడు బావా. నేను పెట్టలేదా? చెంప మీద కొట్టానని ఒప్పుకున్నా. నిజానికి నేను కొట్టింది వీపు మీద. ఎవడికి పట్టింది?"

"నువ్వు డ్రైవరువి. చెంపదెబ్బ కొట్టినవాడి బస్సెక్కడానికి జనం భయపడరు. నాది తాళం. దొంగతనం ఒప్పుకున్నవాణ్ని గుమ్మం దాకా ఎవడు రానిస్తాడు?"

"రానివ్వకపోతే వేరే పని చూసుకో. మా డిపోలో వాచ్‌మన్ పని ఖాళీగానే ఉంది."

"దొంగతనం ఒప్పుకున్నవాణ్నా?"

బావమరిది కాసేపు ఆలోచించి, "అది మాత్రం నిజమే," అని కాఫీ అడిగాడు.

అతను వెళ్లాక భార్య కాజా కుట్టడం ఆపి, సూదిని గుడ్డకు గుచ్చింది. "ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. తాళం మార్చి వచ్చాక ఆ టీచరమ్మ ఇంటికి మళ్లీ ఎప్పుడైనా వెళ్లారా?"

ఇరవై రెండేళ్లుగా పక్కన ఉన్న మనిషి. కోర్టుల్లో, స్టేషన్లలో ఎంతమంది ఎన్నిసార్లు అడిగినా మేస్త్రికి ఇంత దెబ్బ తగల్లేదు.

"వెళ్లలేదు," అన్నాడు. అన్నాక ఎందుకో ఆ మాటే గొంతులో నలుసులా ఉండిపోయింది. ఆవిడ సరేనని తలూపి సూది తీసుకుంది. ఆ తలూపడం కూడా ఆయనకు సరిగ్గా అనిపించలేదు.

మర్నాడు లాయరమ్మతో ఒకటే మాటన్నాడు. "తాళం చూడాలి."

"ఏ తాళం?"

"ఆ తలుపు తాళం. ఆరు నెలలుగా అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు. ఒక్కరైనా విప్పి చూశారా?"

లాయరమ్మ ఫైలు తిరగేసింది. తలుపు నుంచి ఊడదీసి, సంచిలో వేసి, సీలు వేశారు. 'బలవంతంగా తీసిన గుర్తులు లేవు' అని పైపైన చూసి రాశారు. లోపల చూసిన దాఖలా లేదు.

"చూస్తే ఏం తేలుతుంది?"

"చూస్తే గదా తెలిసేది." మనసులో మాత్రం ఆయన తేల్చేసుకున్నాడు. ఎవరో ఆ తాళాన్ని మార్చేసి ఉంటారు. లేకపోతే ఇంతమందికి రాజీ కోసం ఇంత తొందర దేనికి?

తరువాతి వాయిదా నాడు చిన్న గదిలోకి పిలిచారు. కిటికీ లేని గది, పొడుగాటి బల్ల, ఆరు కుర్చీలు. ప్రభుత్వ ప్లీడరు రాజీ కాగితం సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. బల్లకు అటుపక్క టీచరమ్మ కళ్లజోడు తుడుచుకుంటోంది. కోర్టు గుమాస్తా రెండు సంచులు తెచ్చి పెట్టాడు. ఒక దాంట్లో తాళం, ఇంకో దాంట్లో మేస్త్రి పనిముట్లు ఉన్నాయి. తన సంచిని తనే ముట్టుకోవడానికి ఆయన రిజిస్టరులో సంతకం చేయాల్సి వచ్చింది.

"పది నిమిషాలు," అన్నాడు ప్లీడరు. "తర్వాత సంతకం పెడతావా, విచారణకు వెళతావా తేల్చు."

మేస్త్రి బల్ల మీద చేతిరుమాలు పరిచాడు. తాళాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. మర తిప్పి, లోపలి ఇత్తడి గొట్టాన్ని బయటికి లాగాడు. అలాంటి గొట్టంలో అయిదు చిన్న గదులుంటాయి. ఒక్కో గదిలో ఒక్కో పొడవున్న పిన్ను ఉంటుంది. చెవి పళ్లు ఆ అయిదింటినీ సరిగ్గా ఒకే వరుసకు ఎత్తితేనే గొట్టం తిరుగుతుంది. ఆయన గొట్టాన్ని రుమాలు మీద మెల్లగా వంచాడు.

మూడు పిన్నులు రాలాయి. ఇంకోసారి తట్టాడు. ఇంకేమీ రాలలేదు. రెండు గదులు ఖాళీగా ఉన్నాయి.

అనుకున్నదే అయిందని ఆయన గుండె ఒక్కసారి పొంగింది. ఎవరో తాళంలో చెయ్యి పెట్టారు. ఒక పిన్ను వేలి మీదకు తీసుకుని వెలుతురుకు పట్టాడు. కొసన ఆకురాయి గీతలున్నాయి. అడ్డంగా కాదు, నిలువుగా కాదు, ఎడమ నుంచి కుడికి ఏటవాలుగా. రెండోదాని మీదా అంతే, మూడోదాని మీదా అంతే. ఆకురాయిని అలా పట్టేవాడు ఆ పేటలో ఒక్కడే ఉన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం డబ్బాలో ఆ కొలత పిన్నులు మూడే ఉన్నాయి. అవి దొరికే కొట్టు మూసేశారు. టీచరమ్మ గుమ్మంలో నిలబడి, అయిందా నాయనా అని అడుగుతోంది. మూడింటితో బిగించి, చెవి తిప్పి చూస్తే హాయిగా తిరిగింది. మిగతా రెండూ రేపు తెచ్చి వేద్దామనుకున్నాడు. మర్నాడు ఒక బడిలో నలభై తలుపుల పని తగిలింది. ఆ రేపు ఇప్పటిదాకా రాలేదు. మళ్లీ వెళ్లారా అని భార్య అడిగినప్పుడు గొంతులో గుచ్చుకున్న నలుసు ఇదే. వెళ్లలేదు. వెళ్లాల్సింది.

గదిలో నలుగురూ ఆయన ముఖం వైపే చూస్తున్నారు. తాళం లోపలి సంగతి తెలిసినవాడు అక్కడ ఆయనొక్కడే. ఎవరో రెండు పిన్నులు తీసేశారు, ఇది నా పని కాదు అంటే కాదనగలిగేవాడు లేడు. అలా అంటే కేసూ పోతుంది, పనిమంతుడన్న పేరూ నిలుస్తుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ రుమాలు మీద ఆ మూడు పిన్నులు, ఆ ఏటవాలు గీతలు కళ్లెదుటే ఉన్నాయి. నోటితో ఏం చెప్పినా చేత్తో చేసింది దాచడం ఆయనకు చేతకాలేదు.

"ఇది నా పనే," అన్నాడు. "చెత్త పని."

లాయరమ్మ ఉలిక్కిపడి, "మేస్త్రిగారూ, కాస్త ఆగండి," అంది.

ఆయన ఆగలేదు. అయిదు గదులు చూపించాడు, మూడు పిన్నులు చూపించాడు. "అయిదూ ఉంటే దీని చెవి తప్ప ఇంకోటి తిరగదు. మూడే ఉంటే ఇదే కంపెనీ చెవులు పదింట్లో ఒకటో రెండో తిరుగుతాయి. మూడో చెవి ఎవరూ చేయక్కర్లేదు." తాళం తిరిగి బిగించాడు. "మీ దగ్గరున్న చెవులన్నీ ఇవ్వండి."

ప్లీడరు విసుగ్గా తన గుత్తి బల్ల మీద పడేశాడు. అందులో ఆ కంపెనీవి రెండున్నాయి. రెండూ తిరగలేదు. లాయరమ్మది అసలు దూరనే లేదు. గుమాస్తా మొలతాడు లాంటి గొలుసుకు వేలాడే గుత్తి విప్పి ఇచ్చాడు. మొదటిది తిరగలేదు. రెండోది సగం దాకా వెళ్లి ఆగింది. మూడోది తిరిగింది. గడియ టక్కుమని లోపలికి వెళ్లింది.

గుమాస్తా గబుక్కున లేచి నిలబడ్డాడు. "సార్, నేను ఆ వీధి మొహం కూడా చూడలేదు. ఇది మా ఇంటి చెవి సార్."

"కూర్చోవయ్యా, నిన్నెవరన్నారు?" అన్నాడు ప్లీడరు. కానీ ఆయన కూడా గుమాస్తా వైపు అరనిమిషం అదోలా చూశాడు. తర్వాత ఫైల్లోంచి స్టేషన్ కాగితం తీశాడు. "తాళం సంగతి సరే. మరి దీనికేమంటావు? 'నేనే ఒప్పుకున్నాను, నేనే చేశాను.' సంతకం నీదేనా?"

"ఇలా ఇవ్వండి," అంది టీచరమ్మ.

అప్పటిదాకా ఆవిడ నోరు విప్పలేదు. కాగితం అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, పిల్లల జవాబుపత్రం చదివినట్టు వేలు పెట్టి చదివింది.

"కర్మ లేదు."

"ఏంటమ్మా?" అన్నాడు ప్లీడరు.

"వాక్యంలో కర్మ లేదయ్యా. కర్త ఉన్నాడు, క్రియ ఉంది. ఒప్పుకున్నాడు. దేన్ని ఒప్పుకున్నాడు, పనినా, నేరాన్నా? చేశాడు. ఏది చేశాడు? ఖాళీ వదిలేస్తే చదివేవాడు తనకు కావలసింది పెట్టుకుని చదువుకుంటాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు ఇదే చెప్పుకుంటూ వచ్చాను." కాగితం తిప్పి చూసింది. "నాకు ఈ కాగితం ఎవరూ చూపించలేదు. ఒప్పుకున్నాడు అని నోటితో చెప్పారు. నేనూ నమ్మాను."

"ఇద్దరిదీ ఒకటే లెక్కన్నమాట," అంది లాయరమ్మ. "ఆయన రెండు గదులు ఖాళీగా వదిలేశాడు, రైటరుగారు రెండు కర్మలు వదిలేశారు."

టీచరమ్మ నవ్వలేదు. గుమాస్తా తాళంచెవి వైపే చూస్తోంది. "ఈ కంపెనీ తాళాలు మా వీధిలో ఇంకెవరికున్నాయి?"

"సగం ఇళ్లకు అవేనమ్మా," అన్నాడు మేస్త్రి. "మీ పై వాటా తలుపుకీ అదే. ఆ రోజు మీరే చెప్పారు గదా, మా అక్క కొడుకుంటాడు, వాడి తాళం లాంటిదే నాకూ ఉందని."

ఆవిడ చెయ్యి కాగితం మీద అలాగే ఆగిపోయింది. ఆవిడ కళ్లజోడు తీసి, పెట్టెలో పెట్టి, పెట్టె మూసింది.

"నేను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను," అంది.

మేస్త్రికి మళ్లీ అనుమానం పుట్టింది. ఈసారి అది వెతుక్కోనక్కర్లేకుండా ఎదురుగానే కూర్చుని ఉంది. "ఆ పైవాటా చెవి కూడా తెప్పించి తిప్పి చూద్దాం టీచరమ్మగారూ. రెండు నిమిషాల పని."

"చూడక్కర్లేదు."

"తిరిగితే దొంగ ఎవరో..."

"చూడక్కర్లేదన్నాను కదా నాయనా."

బల్ల కింద లాయరమ్మ ఆయన కాలు తొక్కింది. ప్లీడరు అప్పటికే పాత రాజీ కాగితాన్ని చింపి కొత్తది తీస్తున్నాడు. ఆయనకీ ఆ చెవిని చూడాలని లేదు. జాబితాలో ఇంకా పాతిక కేసులున్నాయి. ఆ గదిలోకి వచ్చిన ప్రతివాళ్లకూ చూడకూడనిది ఏదో ఒకటి ఉంటుందని, పదకొండు నిమిషాల్లో పని తెమలడానికి కారణం అదేనని మేస్త్రికి అప్పుడు అర్థమైంది. తనకూ ఉంది. విచారణ కావాలని పట్టుబడితే ఆ అక్క కొడుకు చెవి బయటికి రావచ్చు. దాంతో పాటు ఈ మూడు పిన్నులూ హాల్లో అందరి ముందుకూ వస్తాయి. సంచి మాత్రం ఇంకో రెండేళ్లు స్టోరు గదిలోనే ఉంటుంది.

"సరే," అన్నాడు. "కానీ కాగితం నేను చెప్పినట్టు రాయాలి. 'ఇరువర్గాలు రాజీపడ్డాయి' అని ఊరుకుంటే కుదరదు."

"నువ్వు కాదు, నేను చెబుతాను," అంది టీచరమ్మ. ఆ మాటలో పాత పంతులమ్మ గొంతు పలికింది. గుమాస్తా కలం పట్టుకున్నాడు. ఆవిడ ఒక్కో మాటా తూచి చెప్పింది. తాళం మార్చే పనిని మేస్త్రి ఒప్పుకున్నాడు. ఆ పనిలో తన లోపాన్ని ఒప్పుకుంటున్నాడు. దొంగతనాన్ని ఆయన ఒప్పుకోలేదు, చేయలేదు.

"ఇంకొకటి," అన్నాడు మేస్త్రి. "మీకు నా మీద అనుమానం లేదని రాయించండి."

టీచరమ్మ గోడ వైపు చూసింది. "నీ మీద లేదు," అంది చివరికి. "రాయండి."

నలభై నిమిషాలు పట్టింది. ఆ గదిలో అంతసేపు ఏ కేసూ నడిచి ఉండదని లాయరమ్మ అంది. ప్లీడరుతో ఆమె తాగిన టీల మీద మేస్త్రికున్న అనుమానం సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. సంచి భుజాన వేసుకుని వరండాలోకి వచ్చేసరికి బంట్రోతు గోడ మీది జాబితాలో ఎర్ర సిరాతో రాసుకుంటూ పోతున్నాడు. ముప్పై ఒకటో నంబరు, చెక్కు కేసు, రాజీ. ముప్పై రెండు, తలపగలగొట్టిన కేసు, రాజీ. ముప్పై మూడు ఆయనది. రాజీ. టీచరమ్మ తూచి తూచి చెప్పిన మాటలన్నీ ఫైల్లోనే ఉండిపోయాయి. గోడ మీదికి వచ్చింది ఆ రెండక్షరాలే.

పేటలోకి చేరిందీ ఆ రెండక్షరాలే. చేయనివాడు రాజీ ఎందుకు పడతాడని బావమరిది బస్సులోనే ఎవరో అన్నారట. నేనేమీ అనలేదు బావా, స్టీరింగ్ చేతిలో ఉంది గదా అని అతనే వచ్చి చెప్పాడు. భార్య కాగితం నకలు మొత్తం చదివి, మడిచి, కుట్టుమిషను సొరుగులో పెట్టింది.

టీచరమ్మ తలుపుకు కొత్త తాళం ఇంకెవరో బిగించారు. మేస్త్రి తను బాకీపడ్డ ఆ రెండు పిన్నులూ కొని జేబులో వేసుకుని ఒకసారి వీధి మలుపు దాకా వెళ్లాడు. పై వాటాకు అద్దెకిస్తామన్న బోర్డు వేలాడుతోంది. కాసేపు నిలబడి చూసి వెనక్కొచ్చేశాడు.

ఇరవై రోజులకు గాని మొదటి పని రాలేదు. రంగుల కొట్టు యజమాని కబురు పెట్టాడు. వెనక గోడౌన్ తాళం మార్చాలి. వెళ్లేసరికి ఆయన కుర్చీ తెచ్చుకుని తలుపు పక్కనే కూర్చున్నాడు.

"రాజీ పడ్డావటగా?"

"పడ్డాను."

"మరి చేశావా?"

"తాళం సరిగ్గా చేయలేదు. అది చేశాను. గడియారం, కెమెరా నేను తీయలేదు."

యజమాని కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు. మేస్త్రి గొట్టం విప్పి, అయిదు పిన్నులు ఆయన అరచేతిలో పోసి లెక్క చూసుకోమన్నాడు. ఇంతకుముందైతే అలా ఎవరికీ చూపించేవాడు కాదు. ఒక్కొక్కటీ తిరిగి తీసుకుని, ఒక్కో గదిలో వేసి, స్ప్రింగు పెట్టి మూశాడు. చెవి తిప్పి చూపించాడు. తర్వాత, "కొట్లో ఉన్న చెవులన్నీ తెప్పించండి," అన్నాడు.

బీరువాలవి, షట్టరువి, మేడ మీదివి, పక్క కొట్టువాళ్లవి, అన్నీ వచ్చాయి. మొత్తం పందొమ్మిది. యజమాని ఒక్కొక్కటే దూర్చి చూశాడు. కొన్ని దూరలేదు, దూరినవి తిరగలేదు. పందొమ్మిదోది కూడా అయిపోయాక ఆయన తల పైకెత్తాడు.

"నీ జేబులోవి?"

మేస్త్రి తన ఇంటి చెవి తీసి ఇచ్చాడు. యజమాని దాన్ని తిప్పి చూశాడు. తిరగలేదు. బయటికి తీసి, ఊది, మళ్లీ దూర్చి, ఈసారి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అంత గట్టిగా తిప్పకండి," అన్నాడు మేస్త్రి. "చెవి విరిగితే నేను ఇంట్లోకి వెళ్లలేను."